అమెరికాలో బానిసత్వం రద్దయింది 1863లోనా, 1865లోనా?

మీ నోట్సులో ఒకచోట 1863, ఇంకోచోట 1865 ఉన్నాయని, పరీక్షలో ఏది రాయాలో తేలడం లేదని అడిగారు కదండీ. రెండు సంవత్సరాలూ సరైనవే, కానీ అవి రెండు వేరు సంగతులు. చిక్కంతా అక్కడే.

1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ ఇచ్చింది అంతర్యుద్ధకాలపు విముక్తి ప్రకటన. సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో, దేశం నుంచి విడిపోతామన్న దక్షిణాది తిరుగుబాటు ప్రాంతాలకు మాత్రమే వర్తించేలా ఇచ్చాడు. బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే (లింకన్ ప్రభుత్వం వైపే) ఉండిపోయిన డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీలను అది తాకలేదు. టెనెస్సీ పేరు అందులో లేనే లేదు. లూసియానాలో న్యూ ఆర్లీన్స్‌తో సహా కొన్ని పారిష్‌లను (జిల్లాల్లాంటివి) పేరుపేరునా మినహాయించారు. ఆ జాబితా ఒక్కసారి చదవండి, సగం సందేహం తీరిపోతుంది. అలాగని దాన్ని ఉత్త కాగితం అనకండి. యూనియన్ సైన్యం ముందుకు సాగినకొద్దీ అక్కడి బానిసలు విముక్తులయ్యారు, నల్లజాతివారు సైన్యంలో చేరే దారీ తెరుచుకుంది.

దేశమంతటా రద్దు చేసింది రాజ్యాంగపు 13వ సవరణ. 1865 జనవరి 31న ప్రతినిధుల సభ 119–56 ఓట్లతో ఆమోదించింది. అప్పటి 36 రాష్ట్రాల్లో 27 ఒప్పుకోవాలి. డిసెంబరు 6న జార్జియాతో లెక్క నిండింది. కెంటకీ, డెలావేర్‌లలో అప్పటిదాకా బానిసత్వం చట్టబద్ధమే.

జూన్ 19న జరిపే జూన్‌టీన్త్ పండుగ సంగతి వేరు. 1865లో ఆ రోజు యూనియన్ సైన్యాధికారి జనరల్ గ్రాంజర్ టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో విముక్తి ఉత్తర్వు వెలువరించాడు. ఆ పండుగ దానికి గుర్తు.

కాబట్టి "1863లో విముక్తి ప్రకటన, 1865లో రాజ్యాంగపరమైన రద్దు" అని రాయండి. నేరానికి శిక్షగా చేయించే చాకిరీకి సవరణలోనే మినహాయింపు ఉంది, అది వదిలేయకండి. దక్షిణాదిలో ఖైదీలను అద్దెకిచ్చే పద్ధతి దాని అండతోనే పెరిగింది.