హైదరాబాదు బండి ఎక్కే ముందు

ప్రొద్దుటూరు

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. డిగ్రీ అయిపోయిందనీ, టీవీ సీరియళ్ళలో వేషాలకూ డబ్బింగుకూ ప్రయత్నించడానికి వచ్చే నెలలోనే హైదరాబాదు వెళ్ళాలనుకుంటున్నావనీ, మీ నాయన ఒప్పుకోవడం లేదనీ రాశావు. మీ నాయనతో నేను మాట్లాడతాను. 1885లో సురభి నాటకాలు పుట్టింది మన కడప జిల్లాలోని సురభి గ్రామంలోనే అనీ, మగవాళ్ళే చీర కట్టి ఆడవేషాలు వేస్తున్న ఆ రోజుల్లో ఆ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కారనీ, తెలుగు సినిమాలో తల్లి పాత్రలకు పేరుపడిన శాంతకుమారి ఈ ప్రొద్దుటూరు బిడ్డేననీ వాడికి తెలియక కాదు. నువ్వు ఏమీ నేర్చుకోకుండా వెళ్ళి, ఆఫీసుల చుట్టూ తిరిగి, మనసు విరిగి వస్తావని వాడి దిగులు. ఆ దిగులు నాకూ ఉంది. అందుకే ఒక్క సంవత్సరం ఆగమంటున్నాను. ఆ సంవత్సరమంతా నీ గొంతు మీద పని చెయ్యి.

ముఖం కన్నా ముందు గొంతు అని ఎందుకు అంటున్నానో చెప్తాను. 1995లో ఈటీవీ, జెమిని మొదలైన తర్వాత నేను హైదరాబాదు చేరి, అమ్మ, అత్త, పిన్ని, వంటమనిషి, హాస్టలు వార్డెను, ఇలా ఎన్ని వేషాలు వేశానో లెక్కలేదు. కథలో అవసరం తీరగానే మనలాంటి పాత్రను కాశీకి పంపుతారు, లేదా గోడ మీద ఫోటోకు దండ వేస్తారు. ఆ మరుసటి నెల బియ్యం కొన్నది డబ్బింగు డబ్బుతోనే. నలభై ఏళ్ళ వయసులో పదేళ్ళ పిల్లవాడికి కార్టూన్లో గొంతు ఇచ్చాను, అరవై దాటిన తర్వాత ముప్పై ఏళ్ళ కోడలికి ఇచ్చాను. తెర మీద నాకు ఆ అవకాశం ఎప్పటికీ రాదు.

నాకు చదువు చెప్పింది కడప ఆకాశవాణి. 1963 నుంచి ఉన్న ఆ కేంద్రంలో నాటకాల ఆడిషనుకు నేను రెండుసార్లు వెళ్తే రెండోసారి ఎంపికయ్యాను. అక్కడి పెద్దలు మొదట నేర్పింది నటన కాదు, కాగితం పట్టుకోవడం. స్క్రిప్టుకు కొట్టిన పిన్ను తీసేసి, చదివిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జార్చాలి. మైకుకు ఎదురుగా కాకుండా కొంచెం ఓరగా నిలబడితే ప, భ అనేటప్పుడు వచ్చే గాలి దెబ్బ పడదు. కోపంగా అరిచే మాటకు అడుగు వెనక్కి వేయాలి, రహస్యం చెప్పేటప్పుడు దగ్గరికి జరగాలి. నువ్వు కూడా యువవాణి అనే యువజనుల కార్యక్రమానికో, నాటకాల ఆడిషనుకో దరఖాస్తు పెట్టుకో. వచ్చే పారితోషికం చిన్నదని చూడవద్దు. ముఖం, చీర, సంగీతం ఏవీ ఆదుకోని చోట ఒక్క మాటతో మనిషిని చూపించడం రేడియోలోనే అలవాటవుతుంది.

డబ్బింగు మరొక విద్య. ఇదివరకు అందరమూ ఒకే మైకు చుట్టూ నిలబడి చెప్పేవాళ్ళం, ఒకరు తడబడితే అందరూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరి మాటలు వాళ్ళు ఒంటరిగా గదిలో కూర్చుని చెప్పి వెళ్తారు కాబట్టి, ఎదుటి పాత్ర నీతో ఏ గొంతుతో మాట్లాడిందో నువ్వే ఊహించుకోవాలి. పెదవుల సంగతి ఇంకా ముఖ్యం. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, మిగిలిన హల్లులకు మూసుకోవు. ఒక హిందీ సీరియల్లో అత్తగారు కోడలితో ‘మాఫ్ నహీ కరూంగీ’ అంటుంది. తెలుగు కాగితంలో ‘నిన్ను క్షమించను’ అని రాసి ఉంది. అర్థం సరిగ్గానే ఉన్నా, తెర మీద ఆమె పెదవులు మూసి తెరిచేటప్పుడు నా నోట ‘ని’ వస్తున్నది, ఆమె పెదవులు విడి ఉన్నచోట నా ‘మిం’ పడుతున్నది. నాలుగుసార్లు చెప్పినా కుదరలేదు. అప్పుడు ‘మన్నించనే తల్లీ’ అని చూశాను. మొదట మకారం, చివర ఈకారం, మధ్యలో పెదవి మూసే అక్షరం లేదు (హిందీ ‘మాఫ్’లోని ఫ్‌కు పెదవులు పూర్తిగా మూసుకోవు), లెక్కకు ఆరు అక్షరాలకు ఆరు. పైగా ఆ ‘తల్లీ’ అనే మాటతో కోపం ఇంకా చల్లగా, ఇంకా కఠినంగా వచ్చింది. ఇట్లాంటిది తోచాలంటే నోట్లో మాటల నిల్వ ఉండాలి. రోజూ అరగంట గట్టిగా చదువు. పత్రికలోని సంపాదకీయం, వేమన పద్యాలు, ఇంట్లో ఉన్న భాగవతం, ఏదైనా సరే. శ, ష, స ఒకటిగా వినిపిస్తున్నాయేమో, ఒత్తులు మింగేస్తున్నావేమో ఫోనులో రికార్డు చేసుకొని విను.

ఇక మన యాస గురించి. నువ్వు దాన్ని వదిలించుకోవాలని రాయడం చూసి నాకు బాధ కలిగింది. ప్రామాణికమైన తెలుగు తప్పకుండా నేర్చుకో, అది లేకపోతే డబ్బింగు గదిలో పని దొరకదు. కానీ ‘యాడికి పోతాండావు’ అనే మాటను పోగొట్టుకోవద్దు. సీమ పాత్ర అనగానే కళ్ళు ఎర్రజేసి గొంతు చించుకోవడమే అనుకునే రచయితలు నీకు ఎదురవుతారు. మీ జేజి, అదే మా అమ్మ, ఎట్లా కోప్పడేదో గుర్తు చేసుకో. కోపం ఎక్కువయ్యేకొద్దీ ఆమె గొంతు తగ్గేది. ఒక సీరియల్లో కొడుకు ఇల్లు విడిచి పోతుంటే తల్లి శాపనార్థాలు పెట్టాలని రాశారు. దర్శకుణ్ణి బతిమాలి, చేటలో కొర్రలు చెరుగుతూ, తల ఎత్తకుండా, ‘పో నాయనా. రేత్రికి మాత్రం అన్నానికి ఇంటికి రా’ అన్నాను. చేట ఆడించడం మాత్రం ఆపలేదు. లైట్లు పట్టుకునే అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాట నేను కల్పించినది కాదు, మీ నాయన పదిహేనేళ్ళ వయసులో అలిగి బయలుదేరినప్పుడు మీ జేజి అన్నదే.

సెట్టు మీద నీకు మాటలు తక్కువ, నిలబడడం ఎక్కువ. హాల్లో పదిమంది ఉండే సన్నివేశంలో ముందు అందరినీ కలిపి తీసి, తర్వాత ఒక్కొక్కరి ముఖాన్నీ దగ్గరగా చూపే క్లోజులు తీస్తారు. నీ వంతు వచ్చేసరికి హీరోయిను వెళ్ళిపోయి ఉంటుంది, కెమెరా పక్కన అసిస్టెంటు డైరెక్టరు అందిస్తున్న మాటలకు నువ్వు కన్నీళ్ళు పెట్టుకోవాలి. అందుకే ఆమె మాట్లాడినప్పుడే మనసు పెట్టి విను, ఆ వినికిడిని దాచుకో. పైట ఏ భుజం మీద ఉన్నదీ, గ్లాసు ఏ చేతిలో ఉన్నదీ చిన్న పుస్తకంలో రాసుకో. చిన్న వేషాలకు చీరలు చాలాసార్లు మనవే తెచ్చుకోవాలి. సన్నని గళ్ళవి కెమెరాలో అలలు అలలుగా కదిలి కంటికి ఇబ్బంది పెడతాయి కాబట్టి అవి వద్దు. నాలుగు సాదా రంగుల మాధవరం నేతచీరలు పెట్టెలో ఉంటే పేదింటి తల్లి వేషానికి సరిపోతాయి.

గొంతును కాపాడుకోవడంలో నేను చేసిన తప్పు నువ్వు చేయవద్దు. ఒక కార్టూన్లో మంత్రగత్తె పాత్రకు రోజుకు ఏడెనిమిది గంటల చొప్పున వారం రోజులు కీచుగొంతుతో అరిచాను. కాదంటే ఇంకొకరిని పిలుస్తారనే భయంతో ఒక్కరోజు విశ్రాంతి కూడా అడగలేదు. ఎనిమిదో రోజు పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం రాలేదు. స్వరతంత్రుల మీద వాపు వచ్చిందని, మూడు వారాలు గుసగుసగా కూడా మాట్లాడవద్దని డాక్టరు చెప్పారు. ఆ మూడు వారాలు పలక మీద రాసి ఇంట్లో వాళ్ళతో మాట్లాడాను. అరుపులు ఉన్న భాగాలను ఆ రోజు పని చివరికి పెట్టమని మొదటి రోజే అడుగు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

డబ్బు విషయం కూడా రాయాలి. పని చేసిన నెలలోనే డబ్బు చేతికి వస్తుందని అనుకోవద్దు. ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో లేకుండా ఇల్లు కదలవద్దు. తేదీ, పాత్ర, ఎన్ని ఎపిసోడ్లు, ఎంత ఒప్పుకున్నారు అన్నది రాసిపెట్టు. ఒక నిర్మాణ సంస్థ రెండు నెలల పనికి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే, నా దగ్గర రాత లేనందున గట్టిగా అడగలేకపోయాను. ఇప్పుడు ఇంకొక ప్రమాదం వచ్చింది. రికార్డు చేసిన గొంతును కంప్యూటరుకు నేర్పి, మనం పలకని మాటలు మన గొంతుతోనే పలికిస్తున్నారు. ఒప్పందంలో ‘అన్ని హక్కులూ శాశ్వతంగా’ అనే మాట కనబడితే సంతకం పెట్టకుండా నాకు ఫోను చెయ్యి. ఫోటోల పేరుతోనో, శిక్షణ పేరుతోనో ముందే వేలు కట్టమని అడిగే చోటికి వెళ్ళనే వద్దు.

వచ్చే ఆదివారం ఎర్రగుంట్ల మీదుగా బస్సులో రా. నీకు నచ్చిన పది పుటలు వెంట తెచ్చుకో, కథైనా పద్యమైనా సరే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, నువ్వు చదువుతుంటే నేను నీ వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుని వింటాను.

మీ అత్త