మొదటి పేజీ పదమూడోసారి గీయకు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నాకు 16 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ కామిక్స్ అంటే పిచ్చి, పెద్దయ్యాక కామిక్ ఆర్టిస్ట్ అవ్వాలనే ఉంది. 200 పేజీల కథ ఒకటి బుర్రలో రెడీగా ఉంది కానీ రెండేళ్లయినా మొదటి పేజీ దాటలేదు, 12 సార్లు గీశా, 11 సార్లు చింపేశా. నాకు చేతులు గీయడం రాదు, అందుకే నా హీరో ఎప్పుడూ జేబుల్లో చేతులు పెట్టుకునే ఉంటాడు (నవ్వకండి ప్లీజ్). నెట్‌లో నా వయసు వాళ్ల బొమ్మలు చూస్తే ఏడుపొస్తోంది. బొమ్మలు గీసే ట్యాబ్లెట్ లేదు. ఇంట్లో ఏమో ఇవి కూడు పెడతాయా అంటున్నారు, పైగా ఇప్పుడు ఏఐ ఒకటి. 12వ సారి గీసిన పేజీ ఫొటో పంపుతున్నా. నిజం చెప్పండి, నాకు వస్తుందా రాదా?

జవాబు: నవ్వకండి అన్నావ్ కానీ నవ్వొచ్చేసింది తమ్ముడూ, ఎందుకంటే నా మొదటి కథలో హీరోయిన్ 9 పేజీలూ చేతులు వెనక్కి కట్టుకునే తిరిగింది, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ లాగా. కాబట్టి ఆ జబ్బు నీ ఒక్కడిదే కాదు.

వస్తుందా రాదా అన్నది ఒక్క పేజీ చూసి ఎవరూ చెప్పలేరు, చెప్పేవాళ్లని నమ్మకు. కానీ నీ పేజీని చాలాసేపు చూశా. హీరో రాత్రి ఇంటికొస్తాడు, టేబుల్ మీద ఉత్తరం కనిపిస్తుంది, చదువుతాడు, తలుపు చప్పుడవుతుంది, ఫ్రెండ్ వస్తాడు. మొత్తం ఆరు ప్యానెల్స్, అంటే ఆరు గళ్లు. జుట్టు ఎంత బాగా గీశావంటే ఒక్కో వెంట్రుక లెక్కపెట్టొచ్చు. అయితే ఆరు ప్యానెల్స్‌లోనూ దాదాపు మొహమే ఉంది! అది ఇల్లా, ఆఫీసా, రైలు పెట్టెనా నాకు తెలీలేదు, నీ ఉత్తరంలో రాశావు కాబట్టి ఇల్లని తెలిసింది. రెండో ప్యానెల్‌లో తలుపు అతనికి ఎడమ పక్క ఉంది, నాలుగో దాంట్లో చప్పుడు వినగానే కుడి పక్కకి తిరిగాడు, మరి తలుపు ఎప్పుడు జరిగింది? చివరి ప్యానెల్ అసలైంది. ముందు మాట్లాడేది ఫ్రెండ్, అతన్ని కుడి పక్క నిలబెట్టావు, మాటలు రాసే బెలూన్‌లు రెండూ ఒకే ఎత్తులో పెట్టావు. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కదా, అందుకని నేను ముందు హీరో జవాబు చదివి తర్వాత ఫ్రెండ్ ప్రశ్న చదివాను. ఫ్రెండ్ బెలూన్ పైన, హీరోది కింద పెడితే సరిపోయేది, లేదా ఫ్రెండ్‌నే ఎడమ పక్కకి తెస్తే ఇంకా మంచిది. (జపాన్ కామిక్స్ కుడి నుంచి ఎడమకి చదువుతారు, వాటిని చూసి చూసి నీకు ఈ అలవాటు వచ్చిందేమోనని నా అనుమానం.)

ఇప్పుడు చెప్పు, 12 సార్లు నువ్వు దిద్దింది ఏంటి? జుట్టు, కళ్లు. తలుపు మాత్రం 12 సార్లూ అక్కడే తప్పుగా ఉండి ఉంటుంది. కామిక్ గీయడం అంటే బొమ్మలు బాగా వేయడం ఒక్కటే కాదు, ఎవరు ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఎవరు ముందు మాట్లాడారు అనేది చదివేవాడు ఆగి ఆలోచించకుండా అర్థమయ్యేలా చేయడం, బొమ్మ అందం ఆ తర్వాతే.

దీనికి మందు థంబ్‌నెయిల్స్. పెద్ద కాగితం ముట్టుకోకముందే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద సైజులో పేజీ మొత్తం గీసుకో, పుల్లల్లాంటి మనుషులు చాలు, కళ్లూ ముక్కూ అక్కర్లేదు. ఒకే పేజీని నాలుగైదు రకాలుగా వేసి చూడు, అరగంట కూడా పట్టదు. తర్వాత డైలాగులు లేకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి ఇందులో ఏం జరుగుతోంది అని అడుగు, నువ్వు మాత్రం నోరు తెరవకు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మార్చు. తప్పు అగ్గిపెట్టె సైజులో దొరికితే చెరపడానికి ఒక నిమిషం, పెన్సిల్ గీతల మీద ఇంక్ వేశాక దొరికితే రెండు రోజుల పని చెత్తబుట్టలోకి.

నీ సీన్‌నే తీసుకో. మొదటి ప్యానెల్ వెడల్పుగా ఇచ్చి గది మొత్తం చూపించు, తలుపు ఎడమ, టేబుల్ కుడి, ఇక పేజీ అంతా కెమెరా, అంటే మనం చూసే చోటు, ఒకే వైపు ఉండాలి, అవతలి వైపుకి దూకకూడదు. సినిమావాళ్లు కూడా ఈ రూలే పాటిస్తారు. తర్వాత ఉత్తరం చదివే చోట మూడు సన్నటి ప్యానెల్స్ పక్కపక్కనే పెట్టు, కళ్లు, కాగితం, మళ్లీ కళ్లు, అక్కడ టైమ్ సాగుతుంది. వాటి తర్వాతది వేళ్లు. ఉత్తరం అంచు నలిగిపోయేంత బిగుసుకున్న వేళ్లు. అది పడితే నువ్వు రాసిన 'అయ్యో, నేనిక ఏం చేయాలి, ఎవరికి చెప్పుకోవాలి' అన్న డైలాగ్ మొత్తం కొట్టేయొచ్చు. చూశావా, చేతులు తప్పించుకోవడం కుదరదు! ముందు అరచేతిని ఒక డబ్బాలా వెయ్, నాలుగు వేళ్లూ కలిపి ఒకే ముద్ద, బొటనవేలు విడిగా, అంటే వేళ్లు విడిగా లేని చలికాలం గ్లవ్స్‌లాగా అన్నమాట. ఆ ఆకారం సరిగ్గా కుదిరాకే వేళ్లు విడదీయి. మోడల్ కోసం వెతుక్కోనక్కర్లేదు, నీ ఎడమ చెయ్యి ఖాళీనే కదా, ఫోన్‌తో ఫొటో తీసుకుని చూసి వెయ్. చూసి గీయడం మోసం అని ఎవరైనా అంటే పట్టించుకోకు.

200 పేజీల కథ పక్కన పెట్టెయ్. కోపం తెచ్చుకోకు, లెక్క చూడు. అమెరికాలో నెలకొక సంచిక వచ్చే కామిక్‌లో కథ 20, 22 పేజీలుంటుంది, ఆ కాస్త పనికే మామూలుగా పెన్సిల్ ఒకరు, ఇంక్ ఒకరు, రంగులు ఒకరు, లెటరింగ్ (డైలాగుల అక్షరాలు రాయడం) ఇంకొకరు. నువ్వు ఒక్కడివి, చదువుకుంటూ వారానికి ఒక పేజీ వేసినా 200 వారాలు, అంటే దాదాపు నాలుగేళ్లు. 50వ పేజీకి వచ్చేసరికి నీ చెయ్యి బాగుపడి మొదటి పేజీ అసహ్యంగా కనిపిస్తుంది, మళ్లీ చింపుతావు, మళ్లీ మొదటికొస్తావు. అందుకే నాలుగు పేజీల కథ ఒకటి రాయి. ఇద్దరు మనుషులు, ఒక గది, ఒక గొడవ. బాగా రాకపోయినా నాలుగో పేజీ చివర 'సమాప్తం' అని రాసేదాకా మొదటి పేజీ జోలికి వెళ్లకు. పూర్తయిన నాలుగు చెత్త పేజీలు నేర్పేది పూర్తికాని ఒక అందమైన పేజీ నేర్పదు, ఇది నా అనుభవం. అలాంటివి నాలుగైదు కథలు అయ్యాక నీ 200 పేజీల సంగతి చూద్దాం.

నెట్‌లో చూసి ఏడ్చే పిల్లల గురించి. వాళ్లు పెట్టేది ఎక్కువగా ఒక్క బొమ్మ, ఒకే మనిషి, బాగా వచ్చిన యాంగిల్. కామిక్‌లో అదే మొహం 40 సార్లు గీయాలి, కింద నుంచి, వెనక నుంచి, తింటూ, తుమ్ముతూ, అన్నిసార్లూ అదే మనిషి అనిపించాలి. అది వేరే విద్య. ఇద్దరు మనుషులు ఊరికే మాట్లాడుకునే పేజీ అన్నిటికంటే కష్టం, వాలీ వుడ్ అనే గొప్ప అమెరికన్ ఆర్టిస్ట్ సరిగ్గా ఇలాంటి బోరు సీన్లని ఎలా గీయాలో చూపిస్తూ తన కోసం చిన్న చిన్న బొమ్మలు గీసి పెట్టుకున్నాడు, తర్వాత వాటిలో 22 ప్యానెల్స్ ఒకే షీట్ మీదకి చేరి ఇప్పటికీ ఆర్టిస్టుల చేతుల్లో తిరుగుతున్నాయి. వెతికి చూడు, కానీ కాపీ కొట్టకు, ఎందుకలా పెట్టాడో ఆలోచించు.

ట్యాబ్లెట్ లేకపోతే ఏం కాదు. కాగితం, పెన్సిల్, నీళ్లు తగిలినా చెదరని నల్ల ఇంక్ పెన్ను చాలు. అమెరికన్ కామిక్స్‌కి 11 బై 17 అంగుళాల కాగితం మీద గీసి దాదాపు మూడింట రెండొంతులకి కుదించి ప్రింట్ చేస్తారు, అలా చిన్నదైనప్పుడు గీతలో వణుకు దాక్కుంటుంది, అయితే అక్షరాలు కూడా చిన్నవైపోతాయి కాబట్టి ముందే పెద్దగా రాయాలి. స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపు గీతలకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టు. కంప్యూటర్ దొరికితే క్రిటా అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరి దగ్గరా దొంగ కాపీ అడగక్కర్లేదు. ఇంకోటి, పేజీ అంచుల దగ్గర డైలాగులు పెట్టకు. నా మొట్టమొదటి ప్రింట్ కథలో చివరి పేజీ డైలాగ్ అంచుకి ఆనించి రాశాను, ప్రెస్‌లో కటింగ్‌లో సగం పోయింది, 'నిన్ను నేను క్షమించను' అన్నది 'నిన్ను నేను క్షమిం' దగ్గర ఆగిపోయింది. క్షమించాడో లేదో తెలీక జనం నాకు ఉత్తరాలు రాశారు.

కూడు సంగతి అబద్ధం చెప్పను. మొదట్లో కామిక్స్ మీద మాత్రమే బతకడం చాలా కొద్దిమందికే కుదురుతుంది, మిగతావాళ్లు పిల్లల పుస్తకాలకి బొమ్మలు, సినిమాలకి స్టోరీబోర్డులు (సీన్లని ముందే బొమ్మలుగా వేసివ్వడం), యాడ్స్, ఇలా పక్కన ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. కాబట్టి చదువు ఆపకు. ఒసాము తెజుకా అనే గొప్ప జపాన్ కామిక్ ఆర్టిస్ట్ 17 ఏళ్లకే పేపర్లో కామిక్ స్ట్రిప్ మొదలుపెట్టాడు, మెడిసిన్ చదువుతూనే కామిక్స్ గీశాడు, డాక్టర్ లైసెన్స్ కూడా తెచ్చుకున్నాడు, తర్వాత బొమ్మల్లోనే ఉండిపోయాడు. ఇంట్లో వాళ్లకి ఇది చెప్పు, కనీసం కాసేపు ఊరుకుంటారు.

ఏఐ గురించి నాకు కోపమే ఉంది, దాచను. కానీ ఫ్రెండ్ ముందు మాట్లాడాలా హీరో మాట్లాడాలా, వేళ్లు ఎప్పుడు చూపించాలి అన్నది తేల్చుకోవాల్సింది నువ్వే, ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తే ఇక నీకు మిగిలేదేంటి. నాలుగు పేజీలు అయ్యాక పంపు. అదే మొదటి పేజీ మళ్లీ పంపితే మాత్రం చూడను.

ప్రశ్న: మేడమ్, మా పాపకి 11 ఏళ్లు, లెక్కల నోట్‌బుక్ నిండా బొమ్మల కథలే. టీచర్ రోజూ కంప్లైంట్. మాన్పించాలా?

జవాబు: వద్దండీ. బొమ్మలకి విడిగా ఒక తెల్ల కాగితాల పుస్తకం కొనివ్వండి, లెక్కల పుస్తకంలో మాత్రం లెక్కలే అని ఒప్పందం చేసుకోండి. బాగుంది బాగుంది అనడం కంటే 'తర్వాత ఏమైంది' అని అడగండి, పాప కథ పూర్తి చేయడం అలవాటు చేసుకుంటుంది. ఇంకా, ముక్కు సరిగ్గా లేదని మీరు చెరిపి దిద్దకండి.

ప్రశ్న: అక్కా, నాకు 19. ఒకాయన కథ రాశాడట, 60 పేజీలు గీసిపెట్టు, ఇప్పుడు డబ్బుల్లేవు కానీ నీకు మంచి పేరొస్తుంది అంటున్నాడు. ఒప్పుకోనా?

జవాబు: 60 పేజీలా! చెల్లీ, పైన తమ్ముడికి చెప్పిన లెక్క చూడు, అది నీ జీవితంలో ఏడాది పైన. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అని 23 ఏళ్ల కుర్రాళ్లు ఇద్దరు తాము పుట్టించిన సూపర్‌మ్యాన్ హక్కులు మొత్తం 130 డాలర్లకి రాసిచ్చేశారు, తర్వాత దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్లకి కనీసం 130 అయినా వచ్చాయి.

నాలుగు పేజీల శాంపిల్ వేసిస్తానని చెప్పు, అంతే. ఆపై ముందుకెళ్లాలంటే కాగితం మీద రాసుకోండి, పాత్రలు ఎవరివి, ఒరిజినల్ పేజీలు ఎవరి దగ్గరుంటాయి (నీ దగ్గరే ఉండాలి), ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు, పేజీకి ఎంత, ఎప్పుడిస్తారు, మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా గీసినవి ఎవరివి. ఈ చివరిది జనం మర్చిపోతారు, నేనూ మర్చిపోయి 14 పేజీలు పోగొట్టుకున్నా. కాగితం అడిగినందుకు ఆయనకి కోపమొస్తే రానీ, నీ జవాబు నీకు దొరికినట్టే.