ఒడిశాలోని రాయగడ నుంచి బాలనటుడిగా వెళ్లాలంటే?

పదేళ్ల బాబు రేడియో, నాటకం, సినిమా మూడూ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, కానీ ముందు రేడియో, స్టేజీ. గొంతొక్కదానితో నవ్వించడం, ఏడిపించడం అక్కడే వస్తుంది (రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు గారు పుట్టింది మన ఒడిశా బరంపురంలోనే). సినిమాతోనే టెన్షన్. బాల కార్మికుల చట్టం కింద వచ్చిన 2017 కేంద్ర నిబంధనల ప్రకారం పిల్లల పని రోజుకు 5 గంటలు దాటకూడదు, విరామం లేకుండా 3 గంటలకు మించి చేయించకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు, వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లాడి పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అనుమతి తెచ్చుకోవాల్సింది నిర్మాత, అదీ షూటింగ్ జరిగే జిల్లాలో, అంటే విశాఖలో అయితే విశాఖ కలెక్టర్ దగ్గర. ఆ కాగితం చూడకుండా రైలెక్కకండి. గొంతు మారే వయసులో చాలామందికి వేషాలు తగ్గిపోతాయి, కాబట్టి బడి మాత్రం మాన్పించొద్దు.