ప్రపోజల్‌లో సమస్య రాసేటప్పుడు ముందు అమ్మాయిల గురించి రాయండి

బస్తీ అమ్మాయిల రక్తహీనత మీద పనిచేస్తున్నామని, సీఎస్ఆర్ నిధులకు (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బుకు) ప్రపోజల్ రాస్తూ సమస్య, లక్ష్యాల దగ్గర ఆగిపోయామని, అవి ఎలా రాయాలని అడిగారు. నేను హైదరాబాద్‌లో బోరబండ వైపు ఇదే పని చేశాను కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

మొదటిసారి సమస్య కింద "ఇక్కడి అమ్మాయిలకు అవగాహన తరగతులు లేవు" అని, లక్ష్యం కింద "24 అవగాహన తరగతులు నిర్వహించడం" అని రాశాను. కంపెనీవాళ్లు తిప్పి పంపారు. ఫోన్ చేస్తే అక్కడి మేడమ్ అన్నారు: "తరగతులు లేవని రాశారు సరే, ఆ అమ్మాయిలకు ఏమవుతోందో ఎక్కడా లేదు కదండీ." ఆ మాట నిజం. మనం చేయబోయే పని అక్కడ లేకపోవడం సమస్య కాదు. తరగతులు పెట్టడం పనే కానీ లక్ష్యం కాదు.

రెండోసారి రాష్ట్రం లెక్క ఒక్క వాక్యంలో ముగించాను: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వెంటనే మా బస్తీలోకి వచ్చాను. పదో తరగతితో చదువు ఆపి ఇళ్లలో, టైలరింగ్ షాపుల్లో పనికి వెళ్లే అమ్మాయిలు, మెట్లెక్కితే ఆయాసం, పనికి వెళ్లలేని రోజు పోయే కూలి.

ఆ తర్వాత వచ్చే ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ప్రభుత్వం వారానికో ఐరన్ మాత్ర ఉచితంగా ఇస్తోంది కదా, మరి ఎందుకు తగ్గడం లేదు? దీనికి జవాబు లేని ప్రపోజల్ ఎంత బాగా రాసినా నిలవదని నా నమ్మకం. మాకు జవాబు చెప్పింది ఆశా కార్యకర్త. "పొద్దున ఏం తినకుండనే పనికి పోతరు మేడమ్. ఖాళీ కడుపున గోలీ ఏసుకుంటే కడుపుల తిప్పుతది, ఇగ మల్ల ముట్టరు." ఇంకో రెండు కారణాలు మేమే గమనించాం. బడిలో అయితే టీచరు దగ్గరుండి మాత్ర వేయిస్తారు, బడి మానేసినవాళ్లు అంగన్‌వాడీ తెరిచి ఉండే వేళకు పనిలో ఉంటారు. పైగా అన్నం తినగానే చాయ్ తాగే అలవాటు, దానివల్ల తిన్నదాంట్లోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

మూడు కారణాలు దొరికాక లక్ష్యాలకు తడుముకోలేదు, ఒక్కో కారణానికి ఒక్కటి. ఉదాహరణకు: "ఏడాది చివరికి, బడి మానేసిన 120 మంది అమ్మాయిల్లో కనీసం 80 మంది భోజనం తర్వాత వారం వారం మాత్ర వేసుకుంటారు." ఎవరు, ఎంతమంది, ఎప్పటికి, ఏం కొలుస్తాం అన్నీ అందులోనే ఉంటాయి. "రక్తహీనత లేని బస్తీ" అనేది మన ఆశయం, ఒక్క వాక్యంగా పైన రాయండి. దాన్ని లక్ష్యాల్లో కలిపితే ఏడాది తర్వాత లెక్క చెప్పలేక టెన్షన్ పడతారు.

సీఎస్ఆర్ డబ్బు ఏ పనులకు వాడొచ్చో చెప్పే కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూలులో ఆరోగ్యం, పోషకాహారం ఉన్నాయి కాబట్టి మీ అంశానికి అడ్డు లేదు. సీఎస్ఆర్ నిధులు తీసుకునే సంస్థలు చేయించుకోవాల్సిన సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ మాత్రం మీకు ఉందో లేదో చూసుకోండి.

ఆ 80 అనే అంకె మాత్రం ఊహించి రాయకండి. మేము నిధులు రాకముందే సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి, పోయిన నెలలో ఎన్ని మాత్రలు వేసుకున్నారో అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాం. మేడమ్ రెండోసారి ఫోన్ చేసినప్పుడు ముందుగా అడిగింది ఆ నోట్‌బుక్ గురించే.