అద్దమా, జాలీయా? నా మాట జాలీయే

బ్రదర్, రెండడుగుల ఉప్పునీటి చేపల ట్యాంకు, అందులో ఫైర్‌ఫిష్ (బయటికి దూకే అలవాటున్న చిన్న సముద్రపు చేప) జంట, పైన అద్దం వేయాలా జాలీ వేయాలా అన్నారు కదా, మన హైదరాబాద్‌లో అయితే జాలీయే వేయండి. ఏప్రిల్, మేలో బయట 40 దాటుతుంది, ఏసీ లేని గదిలో అద్దం మూసేస్తే పంపుల వేడి, లైటు వేడి అంతా లోపలే ఉండిపోయి నీళ్లు 30కి ఎక్కేస్తాయి, మనకు కావలసింది 25, 26. జాలీ ఉంటే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది, కుండలో నీళ్లలాగే. పైగా అద్దం మీద ఉప్పు తెల్లగా పొర కడుతుంది, తుడవకపోతే పగడాలకు వెలుతురు తగ్గుతుంది.

దోమల మెష్ మాత్రం వద్దు, వెలుతురు మింగేస్తుంది. 6 మిల్లీమీటర్ల కన్నున్న పారదర్శక ప్లాస్టిక్ వల కొని, కిటికీలు చేసే అల్యూమినియం షాపులో ఫ్రేమ్ కట్టించండి. ఇనుప జాలీ తుప్పు పడుతుంది, రాగి, ఇత్తడి అయితే రొయ్యలకు విషమే. పైపుల దగ్గర సందు వదలకండి. నేను అద్దానికి ఒక మూల రెండు వేళ్లంత కోయించి అలాగే వదిలేశా, నా ఫైర్‌ఫిష్ సరిగ్గా అందులోంచే దూకింది, మూడో రోజు స్టాండు వెనక ఎండు మెత్తళ్లలా దొరికింది.

జాలీతో ఒక పని పెరుగుతుంది, తగ్గిన నీళ్లు రోజూ పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్లు పోయకూడదు, ఆర్వో నీళ్లే. బోరు నీళ్ల జోలికి అసలే పోకండి. ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసుకుని అక్కడిదాకా నింపితే స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 1.025 దగ్గరే ఉంటుంది.