డ్రోన్ మలుపు తిరగ్గానే ట్రాకర్ తప్పిపోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్ట్‌లో కెమెరాతో డ్రోన్‌ని ట్రాక్ చేస్తున్నాం సర్. కాల్మన్ ఫిల్టర్ పెట్టాం. నేరుగా వెళ్తే బానే ఉంది, గబుక్కున తిరిగితే మాత్రం డ్రోన్ చుట్టూ గీసే బాక్స్ ఎటో పోతోంది. ఫిల్టర్ తీసేసి న్యూరల్ నెట్‌వర్క్ పెట్టేయమంటున్నారు ఫ్రెండ్స్. పెట్టొచ్చా? - ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: తీసేయొద్దమ్మా. వస్తువు తర్వాత ఎక్కడుంటుందో అంచనా వేసి, కొలత రాగానే దాన్ని సరిదిద్దుకునే లెక్క అది, రుడాల్ఫ్ కాల్మన్ 1960లో రాశాడు, అపోలో నౌకలకి చంద్రుడి దాకా దారి చూపించింది కూడా అదే. మీ ఇబ్బంది ఎక్కడుందంటే, ఫిల్టర్ ప్రతి ఫ్రేమ్‌కీ తన అంచనాని ఎంత నమ్మాలి, కెమెరా చెప్పిందాన్ని ఎంత నమ్మాలి అని తూకం వేస్తుంది కదా, ఆ తూకాన్నే గెయిన్ అంటారు, మీరు క్యూ (కదలిక అంచనా ఎంత తప్పొచ్చో), ఆర్ (కెమెరా కొలత ఎంత తప్పొచ్చో) విలువలు ఒకసారి ఫిక్స్ చేసి వదిలేస్తే మామూలు లీనియర్ ఫిల్టర్‌లో ఆ గెయిన్ కెమెరా ఏం చూసిందో అస్సలు పట్టించుకోదు. డ్రోన్ తిరిగింది, అంచనాకీ కొలతకీ తేడా ఒక్కసారిగా పెరిగింది, అయినా గెయిన్ మారదు. దానికి తోడు ఫ్రేమ్‌లో డ్రోన్‌ని గుర్తుపట్టే డిటెక్టర్ అరసెకను డ్రోన్‌ని మిస్సయిందనుకోండి, సెకనుకి 10 మీటర్ల స్పీడ్‌లో ఉంటే బాక్స్ 5 మీటర్లు నేరుగా ముందుకెళ్ళిపోతుంది.

అందుకే నెట్‌వర్క్‌కి మొత్తం పని ఇవ్వకుండా ఆ గెయిన్ ఒక్కటే నేర్పించండి. 2022లో వచ్చిన కాల్మన్‌నెట్ పేపర్ చేసింది ఇదే, కదలిక సూత్రాలు అలాగే ఉంచి, ఆ తేడాలు ఎలా మారుతున్నాయో చూసి గెయిన్ ఎంతుండాలో ఒక చిన్న జీఆర్‌యూ (ముందు చూసింది గుర్తుంచుకునే న్యూరల్ నెట్‌వర్క్) చెప్తుంది. నాకు చాలా నచ్చిన ఐడియా ఇది, తెలిసిన ఫిజిక్స్‌ని మళ్ళీ మొదట్నుంచి డేటాతో నేర్పించక్కర్లేదు, కాబట్టి నెట్‌వర్క్ చిన్నదైనా సరిపోతుంది.

ఒక నష్టం ఉంది. మామూలు ఫిల్టర్ పొజిషన్‌తో పాటు తనకెంత అనుమానముందో కోవేరియన్స్ రూపంలో చెప్తుంది, కాల్మన్‌నెట్ ఒరిజినల్ రూపంలో అది నేరుగా రాదు. రెండు డ్రోన్లు దగ్గరికొస్తే ఏ బాక్స్ ఎవరిదో తేల్చడానికి అదే కావాలి, కాబట్టి ఒక్క డ్రోనే అయితే ధైర్యంగా వెళ్ళండి.

దానికన్నా ముందు ఐఎంఎం (ఇంటరాక్టింగ్ మల్టిపుల్ మోడల్) ట్రై చేశారా? నేరుగా వెళ్ళే మోడల్ ఒకటి, తిరిగే మోడల్ ఒకటి పక్కపక్కన నడిపి, ఏది సరిపోతోందో దానికి ఎక్కువ వెయిట్ ఇస్తుంది. పైథాన్‌లో ఫిల్టర్‌పై (FilterPy) అనే లైబ్రరీలో రెడీగా ఉంది, ట్రైనింగ్ డేటా అక్కర్లేదు. సగం ప్రాజెక్టులకి అదే చాలనిపిస్తుంది నాకు.

అయినా నెట్‌వర్కే కావాలంటే డ్రోన్ నిజంగా ఎక్కడుందో తెలిసిన రికార్డింగులు కావాలి, డ్రోన్ మీద ఆర్‌టీకే జీపీఎస్ (సెంటీమీటర్ల కచ్చితత్వంతో చోటు చెప్పేది) పెట్టండి, లేదంటే సిమ్యులేటర్లో రకరకాల మలుపులు తయారు చేసుకోండి. టెస్టింగ్‌కి మాత్రం వేరే రోజు, గాలి బాగా ఉన్నప్పుడు ఎగరేసి ఐఎంఎంతో పక్కపక్కన పోల్చి చూడండి.