యోబు గ్రంథం నన్ను ఆసుపత్రి పరిచర్యలోకి నడిపించిన విధం

యెషయా గ్రంథం ఆరవ అధ్యాయంలో "నేనున్నాను, నన్ను పంపుము" అన్న మాట చదివినప్పటినుంచి ప్రభువు తనను సేవకు పిలుస్తున్నట్లు అనిపిస్తోందనీ, అది నిజమైన పిలుపేనని ఎలా తెలుసుకోవాలనీ, ఉద్యోగం మాని బైబిలు కళాశాలలో చేరవచ్చా అనీ ఒక సోదరుడు ఇక్కడ అడిగారు. నా గట్టి నమ్మకం చెబుతాను. పిలుపు ఒక్క వచనంలో దొరకదు. ఒక గ్రంథాన్ని మొదటినుంచి చివరివరకు ఓపికగా చదివినవారికే దొరుకుతుంది, అది కూడా తాము కోరుకోని పనిగా దొరుకుతుంది.

నేను గుంటూరులో ఒక లూథరన్ సంఘ సభ్యుణ్ణి, హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. సండేస్కూలు, గాయక బృందం, ఆదివారం పాఠాలు చదవడం, ఇవే నా సేవ అని ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉన్నాను. ఒక ఏడాది లెంటు దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో, సాయంత్రపు గృహకూడికలకు మా పాస్టరుగారు యోబు గ్రంథాన్ని ఎంచుకొని, పాఠం సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. ఆస్తినీ పిల్లలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు అనే భక్తుడి కథ అది. ఆ గ్రంథంలో 42 అధ్యాయాలున్నా మన సంఘాలకు తెలిసినవి మొదలూ చివరే. "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అనేది భూస్థాపనల్లో వింటాం, రెండంతల ఆశీర్వాదం గురించి కృతజ్ఞతా కూడికల్లో వింటాం. మధ్యలో ఉన్న ఏడుపునూ వాదాన్నీ ప్రసంగించేవారు అరుదు.

రెండవ అధ్యాయం చివరలో యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి, యోబును పోల్చుకోలేక బిగ్గరగా ఏడ్చి, తలలపై ధూళి చల్లుకొని, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాటైనా పలకకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. ఆ భాగం చదివి ముగించగానే, అంతకుముందే భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరి, "ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ప్రార్థన చేయడానికి చాలామంది వచ్చారు మాస్టారూ, కూర్చోవడానికి ఒక్కరూ రాలేదు" అన్నారు. తరువాతి అధ్యాయాలన్నీ ఆ మాట చెవిలో మోగుతుండగానే సిద్ధం చేసుకున్నాను.

లెంటు ముగియకముందే, మా సంఘస్థుడొకాయన డయాలిసిస్ చేయించుకుంటున్నాడని తెలిసి వెళ్లాను. మిర్చియార్డులో గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఒక చేతికి రెండు గొట్టాలు, ఆ చెయ్యి కదపకూడదు. యంత్రం చక్రం తిరుగుతూ ఉంటే నెత్తురు ఎర్రగా గొట్టంలో పోతూ వస్తూ ఉంటుంది. అలా నాలుగు గంటలు. ప్లాస్టిక్ స్టూలు మంచం పక్కకు లాక్కొని కూర్చున్నాను. చాలాసేపు ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తరువాత ఆయనే, "బైబిలు తెచ్చారా? ఇప్పుడు మీరు ఏది చదువుతున్నారో అదే చదవండి" అన్నాడు. అది మూడవ అధ్యాయం, యోబు తాను పుట్టిన దినాన్ని శపించిన అధ్యాయం. రోగి దగ్గర చదవవచ్చా అని సందేహిస్తూనే చదివాను. ఆయన కళ్లు మూసుకొని అంతా విని, "ఇలాంటి మాటలు కూడా దేవుని గ్రంథంలో రాసి ఉన్నాయా?" అని అడిగి, మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు. నా పని ఏమిటో నాకు ఆ స్టూలుమీదే తెలిసింది.

దీన్ని సేవ అని ఒప్పుకోనివారు మా సంఘంలోనే ఉన్నారు. మైకూ, సాక్ష్యమూ, స్వస్థతా లేకపోతే వారి లెక్కలో అది సేవ కాదు. వార్డులోకి వచ్చి గొంతెత్తి ప్రార్థించి, "ఏదైనా పాపం దాచుకున్నారేమో చూసుకోండి" అని రోగికి చెప్పి వెళ్లేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎలీఫజు చేసిందీ అదే. 42వ అధ్యాయంలో దేవుడు కోపపడింది అతనిమీదా, అతని ఇద్దరు స్నేహితులమీదా. మన ఇళ్లలో గోడలకు తగిలించే "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్న వాగ్దానం యోబు 8:7లో బిల్దదు పలికినది. పిల్లలను పోగొట్టుకున్న తండ్రితో, వారు తమ పాపంవల్లే పోయారని సూచించిన తరువాత పలికినది. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానపు కార్డులు తీసుకోవడానికి చూపే ఆసక్తిలో పదోవంతు గ్రంథం పూర్తిగా చదవడానికి చూపితే ఆ గోడలమీద వేరే వచనాలు ఉండేవి.

మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు విషయమే చూడండి. 1512లో విటెన్‌బర్గులో బైబిలు ఆచార్యుడయ్యాడు, 1513లో కీర్తనలు, 1515లో రోమా పత్రిక బోధించడం మొదలుపెట్టాడు. ఆయన జీవితాన్ని మార్చిన వెలుగు ఆ పాఠాలు సిద్ధం చేసుకునే శ్రమలోనుంచే వచ్చింది. అందుచేత సోదరుడు యెషయా 6:8 దగ్గర ఆగకుండా ముందుకు చదవాలి. ఆ వెంటనే ప్రవక్తకు అందిన వర్తమానం, జనులు విని కూడా గ్రహించరని. "ఎన్నాళ్లు ప్రభువా?" అని యెషయా అడిగితే, పట్టణాలు పాడైపోయేవరకు అని జవాబు వచ్చింది. అది చదివిన తరువాత కూడా వెళ్లాలనిపిస్తే పాస్టరుగారితో మాట్లాడండి.

ఉద్యోగం సంగతి అంటారా, కొరింథులో అపొస్తలుడైన పౌలు డేరాలు కుడుతూనే సువార్త ప్రకటించాడు. నేనూ బడి మానలేదు. సాయంత్రాలూ సెలవు దినాలూ వార్డులకు వెళ్తున్నాను. రోగుల పరిచర్యకు తర్ఫీదు కావాలంటే వేలూరు సి.ఎం.సి. వంటి క్రైస్తవ ఆసుపత్రుల్లో చాప్లిన్లు, అంటే ఆసుపత్రి పాస్టర్లు, ఉంటారు, వారిని అడగండి. ముందు మాత్రం యెషయా 66 అధ్యాయాలూ పూర్తి చేయండి.